కంప్యూటర్‌కూ ఒంటిపూట బడి కావాలి!

“అక్కా, పోయిన నెల కంతు కట్టినాను గదా! నీ కంప్యూటర్లో నా పేరు కింద ఏమీ ల్యాదంటాండారే, ఏందిది?”

మా వీధి చివర బట్టలు కుట్టే ఆమె గుమ్మంలో నిలబడి ఈ మాట అడిగేసరికి నాకు ముచ్చెమటలు పోశాయి. ఎండకు కాదు. పదేళ్లుగా రెండు పొదుపు సంఘాల లెక్కలు, నాలుగైదు చిన్న అంగళ్ల జమాఖర్చులు ఇంట్లో కూర్చునే రాస్తున్నాను. రూపాయి తేడా వచ్చిందని ఎవరితోనూ అనిపించుకోలేదు. అలాంటిది అంతకు ముందు రోజు ఫైలు తెరిస్తే పాడైపోయిందంది. బాగుచేయమంటారా అని అదే అడిగింది, సరేనన్నాను. బాగుచేసి ఇచ్చినదాంట్లో మూడు వారాల పద్దులు మాయం! పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న నకలు తెరిచాను. అదీ అంతే. పాడైన ఫైలునే రోజూ భద్రంగా దాచుకుంటూ వచ్చానన్నమాట.

చేతిరాత పుస్తకం ఉంది కాబట్టి పరువు దక్కింది. రెండు రాత్రులు కూర్చుని అన్నీ మళ్లీ ఎక్కించాను. కానీ ఆమె అడిగిన తీరు మాత్రం ఇప్పటికీ గుర్తొస్తుంది. నన్ను అనుమానించలేదు, పాపం. అనుమానించినా తప్పులేదు. డబ్బు ఆమెది, ఆధారం నా దగ్గరుంది.

మావారు “వైరస్ అయ్యుంటుందిలే” అన్నారు. మా అబ్బాయి “కరెంటు పోయి వచ్చినప్పుడు అయ్యుంటుంది” అన్నాడు. అసలు సంగతి తేలడానికి పది రోజులు పట్టింది. ఆ సంగతి పేరు ఓవర్‌క్లాకింగ్. ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న వాళ్లకు ఈ మాట వినపడే ఉంటుంది. వినకపోతే ఇప్పుడు వినండి, ఎందుకంటే రేపో మాపో మీ ఇంట్లోనూ జరగొచ్చు.

జరిగింది ఇదీ. సంక్రాంతి సెలవులకు వచ్చిన మావాడు సీపీయూ మూత విప్పి కొత్త ర్యామ్ వేశాడు. దానిమీద 3200 అని రాసి ఉంది. అంటే ఒక్కో తీగ మీద సెకనుకు 320 కోట్ల సార్లు సమాచారం అటూ ఇటూ పోతుందట. కానీ డబ్బు పోసి కొన్నంత మాత్రాన ఆ వేగం రాదు. యంత్రంలో పెట్టగానే అది 2133తోనో 2400తోనో మామూలుగా నడుస్తుంది. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ అనే ఏర్పాటును ఆన్ చేస్తేనే చీటీ మీద ఉన్న వేగం వస్తుంది. ఇది తెలియక 3200 ర్యామ్ కొని 2133లో వాడుకుంటున్న వాళ్లు బోలెడుమంది. మావాడు అక్కడితో ఆగితే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. 3200ను 3600కు ఎక్కించాడు. అంత వేగం తట్టుకోవడానికి మామూలుగా 1.2 ఉండాల్సిన వోల్టేజీని 1.4 చేశాడు. వోల్టేజీ అంత పెరిగితే పుట్టే వేడి మూడో వంతుకు పైగా పెరుగుతుంది. పైగా ఆ ర్యామ్‌కు రంగురంగుల లైట్లొకటి, పెళ్లి పందిరిలాగా!

“నా పనికి ఏమీ కాదు గదా నాయనా?” అని అడిగాను. “రాత్రంతా టెస్టు పెట్టినానమ్మా, ఒక్క తప్పూ రాలేదు. నీ పని ఇంకా స్పీడుగా అవుతుంది” అన్నాడు. నా పని స్పీడు అంటే నేను టైపు కొట్టే స్పీడే గదా! జమాఖర్చుల లెక్కలకు 2133కూ 3600కూ తేడా కంటికి ఆనదు. ఆ తేడా కనిపించేది వాడి ఆటల్లో. అయినా నేను మాట్లాడలేదు. మనకేం తెలుసులే అని ఊరుకోవడం మనకు అలవాటైపోయింది.

ఇప్పుడైతే కొంచెం తెలుసుకున్నాను. చెబుతాను వినండి, వంటింటి భాషలోనే.

ర్యామ్‌లో ఒక్కో అక్షరమూ అంకే కంటికి కనపడనంత చిన్న చిన్న పాత్రల్లో కొద్దిపాటి కరెంటుగా ఉంటుంది. 1966లో ఐబీఎం సంస్థలో రాబర్ట్ డెనార్డ్ అనే ఆయనకు వచ్చిన ఆలోచన ఇది. ఈనాటికీ మన కంప్యూటర్లలో, ఫోన్లలో అదే నడుస్తోంది. చిక్కేమిటంటే ఇవన్నీ ఓటి కుండలే. నింపిన నీళ్లు కారిపోతూ ఉంటాయి. అందుకని పూర్తిగా కారిపోకముందే యంత్రం మళ్లీ మళ్లీ నింపుతూ ఉంటుంది. సెకనుకు పదిహేను సార్లకు పైగా ప్రతి కుండనూ ఒకసారి చూసి నింపాల్సిందే. వేడి పెరిగితే కారడం ఎక్కువవుతుంది. ర్యామ్ వేడి 85 డిగ్రీలు దాటితే రెట్టింపు సార్లు నింపాలని ప్రమాణాలు రాసేవాళ్లే నియమం పెట్టారు. బావి దగ్గర్నుంచి బిందెలు మోసిన ఆడవాళ్లకు దీన్ని ఇంతకన్నా విడమరిచి చెప్పాలా?

మా ర్యామ్ 85కు చేరిందని నేను అనడం లేదు. దాంట్లో వేడి కొలిచే ఏర్పాటే లేదు, ఇప్పుడొస్తున్న డీడీఆర్5 ర్యాముల్లో ఉంటుంది. అసలు విషయం వేరే ఉంది. తయారుచేసేవాళ్లు ఒక ర్యామ్ ఇంత వేగంతో నడుస్తుందని ఒప్పుకునేటప్పుడు దాని పూర్తి సత్తా చెప్పరు. కాస్త మిగులు పెట్టుకునే చెబుతారు. ఎందుకంటే ఆ సరుకు ఊటీకీ పోవచ్చు, అనంతపురానికీ రావచ్చు. ఆ మిగులు పెట్టింది మనబోటి ఊళ్ల కోసమే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకుంటూ, ఏప్రిల్, మే నెలల్లో 40 దాటిన ఎండలో మగ్గే ఊళ్ల కోసం. మావాడు ఆ మిగులును జనవరిలోనే ఖర్చు పెట్టేశాడు. విత్తనానికని దాచిన శెనక్కాయలు వేయించుకుని తింటే తినేటప్పుడు రుచిగానే ఉంటాయి. వాన పడ్డ రోజు తెలుస్తుంది.

మరి ఫ్యాన్లున్నాయి గదా అంటారేమో. ఉన్నాయి, మూడు. కానీ ఫ్యాను ఎంత తిప్పినా గదిలో గాలికన్నా చల్లగా దేన్నీ చేయలేదు. ఉన్న గాలినే తీసుకుని విసురుతుంది. సంక్రాంతికి మా మేడ మీద గది రాత్రిపూట 22 డిగ్రీలు. ఏప్రిల్లో స్లాబు కాగి మధ్యాహ్నం మూడుకు 39. అంటే లోపలున్న ప్రతి ముక్కా 17 డిగ్రీలు ఎక్కువ నుంచే మొదలుపెడుతుంది. ఆ ర్యామ్ మీద తొడిగిన అల్యూమినియం రేకు కూడా వేడిని గాలికి ఇవ్వాల్సిందే. తీసుకునే గాలి చల్లగా లేకపోతే అదేం చేస్తుంది?

దీన్ని పట్టుకున్నది ఇంట్లో ఇంజనీరు కాదు, ఇంటర్ చదివే మా అమ్మాయి. కంప్యూటర్ ఆగిపోయిన ప్రతిసారీ పాల లెక్క రాసే క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో టైము వేసి పెట్టింది. పదకొండు గుర్తుల్లో తొమ్మిది మధ్యాహ్నం రెండుకూ నాలుగున్నరకూ మధ్యే. “వైరస్ అయితే టైము చూసుకుని వస్తుందా నాన్నా?” అంది. మావారు నవ్వి ఊరుకున్నారు. వాళ్ల అన్న “నీకేం తెలుసు, నువ్వు మూత ముట్టుకోవద్దు” అన్నాడు ఫోన్లో. పిల్ల ముట్టుకోలేదు. మెమ్‌టెస్ట్ అనే ఉచిత ప్రోగ్రాం ఒకటి ఉంది, దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి కంప్యూటర్‌ను దాంతోనే లేపాలి. సరిగ్గా మధ్యాహ్నం రెండుంపావుకు పెట్టింది. నలభై నిమిషాల్లో తెర మీద ఎర్ర గీతలు! అదే పరీక్ష తెల్లవారుజామున పెడితే ఒక్క తప్పూ లేదు.

నన్నడిగితే ఇందులో నేర్చుకోవాల్సినదంతా ఇక్కడే ఉంది. మావాడు పరీక్ష పెట్టలేదని కాదు, పెట్టాడు. కానీ పుష్యమాసం రాత్రి పెట్టాడు. మన ఊళ్లో పెట్టాల్సింది చైత్రమాసం మధ్యాహ్నం.

కంప్యూటర్ ఆగిపోవడం అదృష్టమనే చెప్పాలి. ఆగకుండా తప్పు చేసుకుంటూ పోవడమే ప్రమాదం. యంత్రం అంకెలను సున్నాలు, ఒకట్లుగా రాసుకుంటుంది. 1500లో ఒక్క స్థానం తారుమారైతే అది 2012 కావచ్చు, ఇంకో స్థానం మారితే 476 కావచ్చు. రెండూ చూడ్డానికి నిఖార్సయిన అంకెలే! ఏ గంటా మోగదు. పెద్ద సర్వర్లలో ఇలాంటి తప్పును కనిపెట్టి దిద్దుకునే ర్యామ్ వాడతారు. ఇళ్లలో వాడే మామూలు కంప్యూటర్లలో ఆ దిద్దుబాటు ఉండదు.

మా అబ్బాయి ఊరికే ఒప్పుకునే రకం కాదు. 2009లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్ అనే శాస్త్రవేత్త గూగుల్‌కు చెందిన ఇద్దరితో కలిసి ఆ సంస్థ సర్వర్లను పరిశీలించింది. ఏడాదిలో ప్రతి వంద ర్యాముల్లో ఎనిమిదికి పైగా ఏదో ఒక తప్పు చేశాయని తేల్చింది. వేడికీ తప్పులకూ అనుకున్నంత సంబంధం కనపడలేదని కూడా రాసింది. “చూడమ్మా, వేడి వల్ల కాదంట!” అని వాడు దాన్ని చూపించాడు. నిజమే, కాదనను. కానీ అవి చెప్పిన వేగంతోనే నడిచే సర్వర్లు. మిగులు చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు కాస్త వేడిని అది భరిస్తుంది. మిగులు తినేసిన దాని సంగతి ఆ లెక్కల్లో లేదు. ఈ సంగతి చెప్పింది కూడా మా అమ్మాయే. (వాళ్లన్నకు ఆ రోజు అన్నం సయించలేదు!)

వాడి వాదనలో న్యాయం లేదని కూడా నేను అనను. 3200 అని డబ్బు తీసుకుని అమ్మినదాన్ని 2133లో ఎందుకు వాడాలి? పైగా 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. కృత్రిమ మేధ కోసం పెద్ద కంపెనీలు మెమరీనంతా ఎగబడి కొంటుంటే చిన్న వినియోగదారులకు మిగిలింది ప్రియమైపోయింది. కొత్తది కొనలేని పిల్లలు ఉన్నదాన్నే పిండుకోవాలని చూడడం సహజం. బోరులో నీళ్లు తగ్గితే ఇంకో వంద అడుగులు దించుదామనుకునే మన రైతుల్లాగే. కాబట్టి 3200 వరకు నాకు అభ్యంతరం లేదు, వేసవి మధ్యాహ్నం పరీక్షలో నెగ్గితే. 3600 మాత్రం ఈ ఊళ్లో కాదు. లెక్కలున్న కంప్యూటర్లో అసలే కాదు.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇదీ. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైన రోజు నుంచి జూన్‌లో బడులు తెరిచేదాకా ర్యామ్ 2666, వోల్టేజీ మామూలు 1.2. ఆ తర్వాత 3200. సీపీయూను మేడ మీద నుంచి కింద వేపచెట్టు వైపు గదిలోకి మార్చాం, గోడకు జానెడు దూరంగా, నేల మీద కాకుండా స్టూలు మీద. ఎయిర్‌కూలర్ మన ఊళ్లో బాగా పనిచేస్తుంది, గాలిలో తేమ తక్కువ కాబట్టి. అయితే దాని తడి గాలి నేరుగా సీపీయూలోకి కొట్టనివ్వకూడదు. గది చల్లబడితే చాలు. ఇక గాలికాలంలో వచ్చే ఎర్రదుమ్ము సంగతి మీకు తెలిసిందే. రెక్కల మీద అట్టకట్టి ఫ్యాన్లు తిరిగినా గాలి రాదు. లోపలికి గాలి పీల్చే వైపు దోమతెర గుడ్డ కట్టి, వారానికోసారి దులుపుతున్నాను. మూత విప్పి తుడిచేటప్పుడు ప్లగ్గు తీసేయాలి, ఫ్యాను రెక్క వేలితో పట్టుకుని దుమ్ము ఊదాలి. ఇవేమీ ఇంజనీరింగ్ కాదు, మిక్సీ కడుక్కోవడం లాంటివే.

ఇంకొక మాట చెప్పాలి, అది వేడి గురించి కాదు. చాలా ఇళ్లలో కంప్యూటర్ ఒకటే. దాంతో ఆడుకునేది ఒకరు, అన్నం సంపాదించేది ఇంకొకరు. డీటీపీ చేసేవాళ్లు, ట్యాలీ లెక్కలు రాసేవాళ్లు, ఆన్‌లైన్లో ట్యూషన్ చెప్పేవాళ్లు ఎంతమంది లేరు మనలో! అయినా దాని మూత తీసే అధికారం మాత్రం ఇంట్లో మగపిల్లవాడిది. కుట్టుమిషను మీద ఆధారపడి బతికే ఆమెను అడక్కుండా దాని మోటారు ఎవరైనా మారుస్తారా? మరి నా కంప్యూటర్లో వోల్టేజీ పెంచేముందు నన్నెందుకు అడగలేదు? అడిగాడే అనుకోండి, నేనేం చెప్పేదాన్ని? “నాకేం తెలుసు నాయనా” అనేదాన్ని. తప్పు వాడొక్కడిదే కాదని నేను అంటున్నది అందుకే.

మొన్న ఉగాదికి మావాడు వచ్చినప్పుడు 3333 పెడదామా అని మెల్లగా కదిపాడు. “నాక్కాదు, దాన్నడుగు” అన్నాను. మా అమ్మాయి క్యాలెండర్ చూసి, “ఎండలు ముదరనీన్నా, ఏప్రిల్ ఆఖరు వారంలో మధ్యాహ్నం రెండుంపావుకు పెడదాం, నాలుగు గంటలు నిలబడితే చూద్దాం” అంది. స్క్రూ డ్రైవరు ఇప్పుడు దాని పుస్తకాల బీరువాలో ఉంది. కుట్టుమిషను ఆమె కంతుకు మాత్రం నేను కంప్యూటర్లోనూ, చేతిరాత పుస్తకంలోనూ రెండు చోట్లా రాసి, ఆమె చేత వేలిముద్ర వేయించుకుంటున్నాను.