అలాస్కా యాత్రకు కెనడా మజిలీ

అమెరికాలోని సియాటిల్ నుంచి అలాస్కాకు వెళ్లివచ్చే విహార నౌకలు కెనడా రేవు విక్టోరియాలో కొద్ది గంటలు ఆగడం పరిపాటి. ఇది కేవలం ప్రయాణికుల సరదా కోసం కాదు. అమెరికా రేవుల మధ్య విదేశీ నౌకలు ప్రయాణికులను చేరవేయరాదని 1886 నాటి చట్టం శాసిస్తున్నది. పెద్ద విహార నౌకలు దాదాపు అన్నీ బహామాస్, పనామా వంటి దేశాల్లో రిజిస్టరైనవే. బయలుదేరిన రేవుకే తిరిగివచ్చే నౌక దారిలో ఒక విదేశీ రేవును తాకితే చట్టం అడ్డురాదు.

స్వదేశీ నౌకల రక్షణకు పెట్టిన ఆంక్ష ఇది. తీరా ఆ మార్గంలో రక్షించడానికి పెద్ద స్వదేశీ నౌకలే లేవు! 2021లో కోవిడ్ వల్ల కెనడా రేవులు మూతపడేసరికి, యాత్రికులపైనే బతికే స్కాగ్వే వంటి అలాస్కా పట్టణాలు అల్లాడాయి. మే నెలలో అమెరికా కాంగ్రెసు తాత్కాలిక మినహాయింపు ఇచ్చాకే, జూలైలో పెద్ద నౌకలు కదిలాయి. 2022 నుంచి మళ్లీ విక్టోరియా దారే.