కర్త లేని క్రియ

ఎనిమిదో తరగతికి పర్యాయపదాలు చెప్తున్నాను. జరిగిపోయిన సంగతిని మళ్ళీ జరిగినట్టే చేసి చూపడాన్ని ఏమంటారని అడిగాను. నిఘంటువు చూసుకునే పోయాను కనుక బోర్డు మీద వరసగా రాశాను: పునరభినయించు, పునఃప్రదర్శించు, పునఃసృష్టించు, కళ్ళకు కట్టించు. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "సార్, మా అవ్వయితే మల్ల జేసి సూపుడు అంటది" అన్నది. అదీ రాశాను. రాస్తుంటే చెయ్యి ఆగింది. ఆ మాట నేను బడిలో నేర్చుకోలేదు. బోరింగు కాడ నేర్చుకున్నాను.

అప్పటికి నాకు తొమ్మిదేండ్లు. మా వాడ బోరింగు ఎండిపోతే అవ్వ ఊళ్ళె బోరింగు కాడ బిందె పెట్టింది. పెద్దకులపాయన ఒకడు బిందెను తన్ని, అవ్వ జుట్టువట్టి వంచి, వీపు మీద కొట్టిండు. కేసు పెడితే మూడోరోజు విచారణకని ఒక ఆఫీసరు వచ్చిండు. ఊరంతా చుట్టూ నిలబడ్డది. "ఎట్ల కొట్టిండే? చేసి సూపియ్యి" అన్నడు. అవ్వ ఖాళీ బిందె కింద పెట్టింది. వంగింది. తన జుట్టు తనే పట్టుకున్నది. గుంపులో ఎవడో నవ్విండు. రాసుకునేటాయనకు సరిగ్గ సమజు కాలేదట, మల్లొకసారి అన్నరు. మల్ల వంగింది. మూడోసారి అన్నప్పుడు అవ్వ బిందె చంకన పెట్టుకొని నిటారుగ నిలబడ్డది.

"కొట్టింది నేనా సారూ? కొట్టినోన్ని పిలువుండ్రి. ఆయన జేసి సూపియ్యాలె."

ఆయన్ని ఎవరూ పిలవలేదు. బాధితురాలు విచారణకు సహకరించలేదని కాగితం మీద రాసుకున్నారు. ఆ రాత కిందనే అవ్వతో వేలిముద్ర పెట్టించుకున్నారు. అందులో ఏముందో చదివి చెప్పేటోడు మా ఇంట్లో అప్పటికి లేడు. మా వంశంలో మొదటి డిగ్రీ పట్టా నాది. అది నాకు ఉద్యోగం కోసమే వచ్చిందనుకునేవాళ్ళకు ఈ కాగితం సంగతి తెలియదు.

తెలుగు పంతులుగా ఇప్పుడు చెప్తున్నాను. ఆనాడు మా అవ్వ అడిగింది వ్యాకరణం. వాక్యానికి కర్త, కర్మ, క్రియ ఉంటాయని మేం పిల్లలకు మొదట్లోనే చెప్తాం. మా మీద జరిగిన క్రియలకు మాత్రం కర్త ఉండడు. దళితులు చంపబడ్డారు. గుడిసెలు కాల్చబడ్డాయి. మహిళ అవమానించబడింది. కర్మణి ప్రయోగం తెలుగుకు నప్పదని పండితులే అంటారు. మా విషయం వచ్చేసరికి అది ఎంత బాగా నప్పుతదో! కర్త తప్పించుకుంటడు, కర్మ మిగులుతది. కర్మ అంటే మేమే. దెబ్బ తిన్నదీ మేమే, ఆ దెబ్బను నలుగురిలో ఆడి చూపాల్సిందీ మేమే.

పర్యాయపదాలకు కూడా కులముంది. వాళ్ళు తమ గతాన్ని మళ్ళీ ఆడుకుంటే దాని పేరు ఉత్సవం, జయంతి, వంశచరిత్ర, వారసత్వం. ఏటేటా కల్యాణాలు చేస్తరు, పట్టాభిషేకాలు చేస్తరు. అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకని ఎవరూ అడగరు. మేము మా గతం ఎత్తితే పదాలు మారిపోతాయి: తవ్వుడు, గెలుకుడు, రెచ్చగొట్టుడు. "ఇంకా ఆ పాతవే ఎందుకు సార్" అని మా స్టాఫ్‌రూములోనే నాతో అన్నవాళ్ళున్నారు. అయ్యా, పాతది మీకు. మా అవ్వ వీపుకు కాదు.

చుండూరునే చూడండి. 1991 ఆగస్టు 6న అగ్రకుల గుంపు ఎనిమిది మంది దళితులను వేటాడి చంపింది. మనవాళ్ళు పట్టుబట్టి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. సాక్షులు బోనెక్కి ఆ రోజంతటినీ మళ్ళీ కళ్ళ ముందు నడిపించారు. చూసిన చావులను మళ్ళీ చూశారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ సాక్ష్యం చాలదని అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఎనిమిది మంది చచ్చింది నిజమేనట. చంపినోడే లేడట. కర్త లేని క్రియ అంటే ఇదే.

అట్లని మళ్ళీ చేసి చూపడం మానుకోవాలా? మానుకోవద్దు. ఎవరు చూపమంటే చూపుతున్నాం, ఎవరి ఎదుట చూపుతున్నాం, అదీ ప్రశ్న. అభినయం అన్న మాట విప్పితే ఎదుటికి తీసుకుపోవడం అని అర్థం. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆయన వెనక మనవాళ్ళంతా తాగారు. ముట్టుకుంటే మైలపడ్డదని సవర్ణులు ఆ చెరువును శుద్ధి చేసుకున్నారు. అయినా ఏటా మార్చి 20న మనవాళ్ళు అక్కడికి పోతూనే ఉన్నారు. వాళ్ళను ఏ ఆఫీసరూ చేసి చూపమనలేదు. వాళ్ళంతట వాళ్ళే పోతున్నారు.

మా మాదిగవాడల్లో చిందోళ్ళు జాంబపురాణం ఆడతరు. భూమి పుట్టకముందే పుట్టిన జాంబవుడు బ్రాహ్మణునికి ఎదురు నిలబడి వాదిస్తడు. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ ఆడమనిషై ఆ జాంబవంతుని వేషం కట్టింది. ఆమె వంగి చూపలేదు, నిలబడి అడిగింది. జానపదమని పండితులు పక్కకు నెట్టిన ఆ ఆటే మా అసలైన పునరభినయం. బోరింగు కాడ అవ్వ మూడోసారి ఆడింది కూడా ఆ ఆటే.

మర్నాడు అదే తరగతిలో బోర్డు తుడిచి ఒక వాక్యం రాశాను: మహిళ కొట్టబడింది. తప్పు దిద్దమన్నాను. అందరూ నోటుబుక్కుల్లోకి చూస్తున్నారు. ఆ వెనక బెంచీ పిల్లే లేచింది.

"ఎవలు కొట్టిండ్రో రాయలేదు సార్."

పదికి పది మార్కులు వేసిన. ఆ ఖాళీలో పేరు రాసేదాకా మేము మీ ముందు వంగి చూపం. నిలబడి అడుగుతనే ఉంటం.