చదవగలిగేదే ఇవ్వండి

ఒకటో తరగతి పిల్లలు వాచకంలోని గేయం గడగడా అప్పజెబుతారు. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే, మొదటి పంక్తి నుంచి మళ్లీ ఎత్తుకుంటారు. ఆ అప్పజెప్పడాన్నే చదవడంగా చెలామణీ చేస్తున్నాం. గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతిలో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు దేశం మొత్తమ్మీద 23.4 శాతమేనని ‘అసర్’ 2024 సర్వే తేల్చింది. 2022లో అది 16.3 శాతం. పెరిగిందని సంబరపడాలో, నలుగురిలో ముగ్గురికి ఆ పాఠం చదవడం ఇంకా రాలేదని సిగ్గుపడాలో పాలకులే తేల్చుకోవాలి.

లోపం పిల్లల్లో లేదు, చేతికిచ్చే పాఠంలో ఉంది. తెలుగులో హల్లులకు గుణింతాలు కలిస్తేనే నాలుగు వందల పైచిలుకు రూపాలు, ఆపైన ఒత్తులు. ఒత్తు నేర్పకముందే ‘అమ్మ’, ‘నాన్న’, ‘పువ్వు’ ముందు పెడితే పిల్ల చదవదు, బొమ్మ చూసి ఊహిస్తుంది. బొమ్మ లేని పేజీ వచ్చిన రోజున ఆ ఊహ పనికిరాదు.

నేర్పిన అక్షరాలతోనే అల్లిన చిన్న చిన్న పాఠాలు కావాలి. త, ప, వ, ల, క వచ్చి, తలకట్టూ దీర్ఘమూ తెలిస్తే చాలు, ‘తాతా, పాత వల కావాలా?’ అని పిల్ల ఎవరి సాయమూ లేకుండా చదివేస్తుంది. తాత ఏమన్నాడో తెలియాలంటే ఇంకో రెండు అక్షరాలు నేర్చుకోవాలి, అంతే! పెద్దబాలశిక్షలోనూ రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు ఉన్నాయి. అవి పట్టికల దగ్గరే ఆగిపోయాయి, కథలు కాలేదు.

ఇంగ్లిష్‌లో ఈ అవసరం మరీ ఎక్కువ. రెండు తెలుగు రాష్ట్రాల సర్కారు బడులూ ఇంగ్లిష్ మీడియం పట్టాయి, ఇంట్లో ఆ భాష వినపడని పిల్లలకు ‘ఎ ఫర్ యాపిల్’ అవగానే రైమ్‌లు అందిస్తున్నాయి. అది మాతృభాష అయిన ఇంగ్లండ్‌లోనే, పిల్లలు తమకు వచ్చిన ధ్వనులకు సరిపోయే పుస్తకాలనే బయటికి చదవాలని 2014 నుంచి జాతీయ పాఠ్యప్రణాళిక నిర్దేశిస్తోంది. అక్కడ 2012లో మొదలైన ఫోనిక్స్ (అక్షరాల ధ్వనులు కలిపి చదివే) పరీక్షలో 40 మాటలుంటే, సగం అర్థం లేని కల్పిత పదాలు. బట్టీ పట్టడానికి వీల్లేకుండా పెట్టినవి.

ఇలాంటి పాఠాలు చప్పగా ఉంటాయన్న విమర్శలో నిజం లేకపోలేదు. అందుకే మంచి కథలు టీచర్ చదివి వినిపించాలి. భాష చెవి నుంచి వస్తుంది, లిపి కంటి నుంచి. పిల్ల సొంతంగా కూడబలుక్కునే ఆ కొద్ది నెలలు మాత్రం తనకు తెలిసిన అక్షరాలే పేజీలో ఉండాలి. అక్షరాలు కుదిరాక ఈ పుస్తకాలు పక్కన పెట్టేయవచ్చు.

రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లు (ఎస్‌సీఈఆర్‌టీలు) అక్షరాల వరుసకు తగిన పొట్టి పుస్తకాలు రాయించి, వచ్చే జూన్‌లో బడులు తెరిచేసరికి ఒకటో తరగతికి చేర్చాలి. పరీక్షించే అధికారులు వాచకం మూసి, పిల్లలు అంతవరకూ చూడని పేజీ చదివించాలి.