నీళ్ళ గిన్నె కడగరు గానీ, సిప్రో మాత్రం కొంటారు

మా నకిరేకల్‌లో పావురాలు పెంచే మేడ ఏదెక్కినా రెండు వస్తువులు కనిపిస్తాయి. ఒకటి, పాకురు పట్టిన నీళ్ళ గిన్నె. రెండోది, పేరున్న సగం చిరిగిపోయిన మాత్రల షీటు. మొదటిది రోగం తెస్తుంది, రెండోది ఆ రోగమేంటో తెలీకుండా చేస్తుంది. ఈ రెండిటి మధ్య చచ్చిపోయిన పక్షికి మనవాళ్ళు రాసే డెత్ సర్టిఫికెట్ ఒక్కటే: "గాలి సోకిందన్నా".

గాలి సోకడమేంటండీ? పావురం గాలిలోనే కదా బతికేది!

ఇదంతా ఊళ్ళో చదువుకోని పిల్లల మీద విసుగు అనుకునేరు. కాదు. ఇప్పుడు ఆ గూళ్ళకి డబ్బులు పెట్టేది ఎవరు? మనమే. శుక్రవారం రాత్రి ఎల్బీనగర్‌లో బస్సెక్కి, రెండు మూడు గంటల్లో ఇంట్లో దిగి, శనివారం పొద్దున్నే గిరిబాజ్‌లు ఎగరేసుకునే సాఫ్ట్‌వేర్ బాబులమే. వేలు పోసి హోమర్ జత కొంటాం. కొరియర్లో రంగురంగుల పొడులు తెప్పిస్తాం. వాట్సాప్‌లో "పావురం నీరసంగా ఉంది, మందు చెప్పండి" అని అడుగుతాం. పది నిమిషాల్లో పదిహేను మందుల పేర్లొస్తాయి. పక్షి ఫొటో కూడా ఎవడూ అడగడు.

ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోతే, లాగ్ తెరవకుండా అన్ని సర్వీసులూ రీస్టార్ట్ చేసే కుర్రాణ్ణి మనం టీములో ఎన్నాళ్ళుంచుకుంటాం? మరి మన గూటి దగ్గర మనం చేస్తున్నది అదే. పావురం రోజూ లాగ్ రాస్తూనే ఉంటుంది. దాని పేరు రెట్ట. గట్టిగా, గుండ్రంగా, పైన తెల్లటి టోపీతో ఉంటే అంతా బాగున్నట్టు. నీళ్ళలో తేలుతున్నట్టుందా, చిక్కటి పచ్చ రంగులో ఉందా, దుర్వాసన వస్తోందా, అక్కడే కథ మొదలైంది. అది చూడకుండా ఊడ్చి పారేసి, నాలుగు రోజుల తర్వాత రెక్కలు ముడుచుకు కూర్చున్న పక్షిని చూసి "నిన్నటి దాకా బాగనే ఉండె" అంటాం. బాగా లేదు, మనం చూడలేదు.

ఇక ఒక్కొక్కటే చూద్దాం, మందుల షీటు ఎక్కడ తప్పుతుందో.

1. గొంతులో పసుపు. నోరు తెరిస్తే జున్నుముక్కల్లాంటి పసుపు పూత, మింగలేకపోవడం, పిల్లలైతే ఎదగకుండా చచ్చిపోవడం. చాలాసార్లు ఇది కాంకర్. ట్రైకోమోనాస్ అనే ఏకకణ జీవి వల్ల వస్తుంది. ఇది బ్యాక్టీరియా కాదు. కాబట్టి మీరు వేసే సిప్రోఫ్లాక్సాసిన్ దాన్ని తాకను కూడా తాకదు. పెద్ద పక్షులు ఏ లక్షణం లేకుండా దీన్ని మోస్తుంటాయి, పావురం పాలతో పాటు పిల్లకి పట్టిస్తాయి, నీళ్ళ గిన్నె ద్వారా పక్కదానికి ఇస్తాయి. దీనికి పనిచేసే మెట్రోనిడజోల్ లాంటి మందులున్నాయి. కానీ నోట్లో మశూచి వచ్చినా ఇలాంటి పసుపు పూతే కడుతుంది. అది వైరస్, దానికి ఆ మందూ పనిచేయదు. తేడా ఎలా తెలుస్తుంది? గొంతులోంచి తడి తీసి వెంటనే మైక్రోస్కోప్ కింద పెడితే కదులుతున్న జీవులు కనిపిస్తాయి. అంతే, కొన్ని నిమిషాల పని.

2. మెడ తిరగడం. మొదట నీళ్ళ రెట్ట, తర్వాత వణుకు, మెడ మెలిక, గింజ ఒక చోట ఉంటే ముక్కు ఇంకో చోట పొడవడం. ఇది పావురాల పారామిక్సో వైరస్. మన కోళ్ళ కొక్కెర తెగులుకి, అంటే రాణీఖేత్‌కి, దగ్గరి చుట్టం. 1970ల చివర్లో మధ్యప్రాచ్యంలో బయటపడి, 1980లలో యూరప్ అంతా పాకింది. దీన్ని చంపే మందు లేదు. ఏ యాంటీబయాటిక్ వేసినా వైరస్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. చేయగలిగిందల్లా వేరు చేయడం, లోతైన గిన్నెలో గింజలు పెట్టడం, అవసరమైతే చేత్తో తినిపించడం, నీళ్ళు అందేలా చూడటం. అలా వారాల తరబడి ఓపిక పడితే చాలా పక్షులు కోలుకుంటాయి. మనవాళ్ళకి వారం ఓపిక ఉండదు, మెడ తిరిగిన మూడో రోజే గొంతు నులిమేస్తారు. అసలు జాగ్రత్త ముందే ఉంది: నిర్జీవ వైరస్‌తో చేసిన టీకా, మెడ వెనక చర్మం కింద. ఇంకో మాట, మెడ తిరిగిన ప్రతిదీ ఇదే కాదు. సాల్మొనెల్లా మెదడుకెక్కినా తిరుగుతుంది, పురుగుమందు పట్టించిన విత్తనాలు తిన్నా తూలుతుంది. చుట్టూ పత్తి చేలూ వరి మళ్ళూ ఉన్న ఊళ్ళో ఈ మూడో సంగతి ఎవరికైనా గుర్తొచ్చిందా?

3. రెక్క వాలడం, కీలు వాయడం. కొత్త పక్షి రెక్క కీలు దగ్గర గడ్డ కనిపిస్తే సాల్మొనెల్లాని అనుమానించాలి. ఇక్కడ యాంటీబయాటిక్ నిజంగానే కావాలి. కానీ ఏది, ఎన్ని రోజులు అన్నది పరీక్ష చెప్పాలి. రెండు రోజులు వేసి, పక్షి లేచి తిరగ్గానే ఆపేస్తే అది రోగాన్ని మోస్తూ గూడంతా పంచుతుంది. ఎలుకలు కూడా దీన్ని తెస్తాయి. గింజల డబ్బాకి మూత పెట్టడం కూడా వైద్యమే మరి.

4. ఒక కన్ను నీరు కారడం. "దుమ్ము పడింది" అంటారు. క్లామిడియా కావచ్చు. ఇది మనుషులకీ అంటి న్యుమోనియా తెస్తుంది. దీనికి టెట్రాసైక్లిన్ జాతి మందులే ఇస్తారు. ఇక్కడో తమాషా ఉంది. ఆ మందు కాల్షియంతో అతుక్కుపోతుంది. గూట్లో గవ్వల పొడి, గ్రిట్ అలాగే ఉంచి నీళ్ళలో మందు కలిపితే, ఒంటికి పట్టేది బాగా తగ్గిపోతుంది. ఎంతమంది గ్రిట్ తీసి పక్కన పెడుతున్నారు? డబ్బులు పోశాం, మోతాదు సగం చేశాం, మొండి క్రిములకి ట్రైనింగ్ ఇచ్చాం.

5. నీరసం, పలచటి రెట్ట. కాక్సీడియా కావచ్చు, నట్టలు కావచ్చు. రెండిటికీ మందులు వేరు. రెట్ట పరీక్షలో గుడ్లు చూస్తే తేలిపోతుంది. కాక్సీడియా గుడ్డు బయటపడగానే ప్రమాదం కాదు, తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లో ముదిరి అంటుకునే స్థితికొస్తుంది. అంటే రోజూ రెట్ట గోకి, గూడు పొడిగా ఉంచితే చాలు, దాని బతుకు చక్రం తెగిపోతుంది. చీపురుకట్ట ఖరీదెంత?

6. ముక్కు మీద, కళ్ళ చుట్టూ పొక్కులు. మశూచి, ఎక్కువగా దోమల వల్ల. పొక్కులు గిల్లకూడదు, రాలిన పెచ్చుల్లో వైరస్ చాలాకాలం బతుకుతుంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. మరుసటేడు కలకత్తాలో ఆయన దోమల ద్వారా ఆ చక్రం పూర్తవడాన్ని నిరూపించింది పక్షుల మీదే. పావురాల ఈకల్లో పాకే చప్పిడి ఈగ ద్వారా వాటికి మలేరియా లాంటి జబ్బు వస్తుందని 1906లో సెర్జాంట్ సోదరులు అల్జీరియాలో తేల్చారు. నూరేళ్ళ పైబడిన సంగతులివి. మన గూటికి దోమతెర మాత్రం ఇంకా రాలేదు.

నీళ్ళ దగ్గరికొద్దాం. నాకు అసలు ఒళ్ళు మండేది ఇక్కడే. మనది నల్లగొండ జిల్లా. నీళ్ళు ఒంటికి ఏం చేస్తాయో వంకర తిరిగిన ఎముకల్లో చూసిన జిల్లా. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 1970లలో నీరీ రూపొందిస్తే దానికి 'నల్లగొండ టెక్నిక్' అని మన పేరే పెట్టారు, ప్రపంచమంతా పుస్తకాల్లో ఆ పేరే చదువుకుంటున్నారు. ఫ్లోరైడ్ రోగానికి దిష్టి కారణం కాదు, కర్మ కారణం కాదు, నీళ్ళు కారణం అని తెలుసుకోడానికి మన పెద్దలు ఎంత మూల్యం చెల్లించారు! ఆ ఊళ్ళ పిల్లలమై ఉండి, రెట్ట పడిన గిన్నెలో మూడు రోజుల నీళ్ళుంచి, పక్షి పడిపోతే నిమ్మకాయ దిగదుడుస్తామా? నిమ్మకాయల మార్కెట్ ఉన్న ఊరే, దొరకడం కష్టమేం కాదు గానీ, సిగ్గుండాలి.

"పశువుల దవాఖానలో పావురాన్ని చూడరన్నా" అంటారు. ఇందులో నిజముంది, ఒప్పుకుంటా. మన పశువైద్యం అంతా గేదె, ఆవు, గొర్రె చుట్టూ తిరుగుతుంది, అది రైతు బతుకు కాబట్టి. పావురాన్ని చేతిలో పట్టుకుని వెళ్తే నవ్వేవాళ్ళూ ఉంటారు. కానీ గొర్రె పేడలో నట్టల గుడ్లు చూసే మైక్రోస్కోపే పావురం రెట్టలోనూ చూస్తుంది. మన రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు పేరు మీద పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. చచ్చిన పక్షిని కోసి చూపించమని అడిగే హక్కు మనకుంది. అడిగారా? రెట్ట పొట్లం కట్టుకుని ఎవరైనా వెళ్ళారా? వెళ్ళకుండానే "చూడరు" అనడం, టికెట్ రేజ్ చేయకుండా సపోర్ట్ టీముని తిట్టడం లాంటిది. పదిమంది పెంపకందార్లు కలిసి వెళ్తే నవ్వేవాళ్ళు కూడా ఆగి వింటారు.

"పోనీలే, పావురమే కదా" అనేవాళ్ళు ఇంకో రకం. పావురం దగ్గర ఆగదు బాబూ. గింజలు చల్లేది మీ నాన్న, గూడు ఊడ్చేది మీ అమ్మ, పిల్లని అరచేతిలో పెట్టుకునేది మీ చెల్లెలి కొడుకు. పావురాల పెంపకందార్ల ఊపిరితిత్తుల జబ్బు గురించి వైద్యులు 1965లోనే రాశారు. ఈకల పొడి, రెట్ట దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే కొందరి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. అలాగని ముంబైలో 2025లో దాదర్ కబూతర్‌ఖానా మూసినప్పుడు కొందరు గంతులేసినట్టు, పావురాలన్నిటినీ తరిమేయాలనే గోలా నాకు నచ్చదు. ఇలాంటి జబ్బుల మీద 2017లో అచ్చయిన భారతీయ రిజిస్ట్రీలో 1,084 మంది రోగులుంటే, దాదాపు 47 శాతం మందికి ఈ అలర్జీ తరహా జబ్బే. వాళ్ళలో దాదాపు సగం మంది విషయంలో కనిపించిన కారణం ఎయిర్ కూలర్లు! కూలర్ని ఎవరూ తిట్టలేదేం? సమస్య పక్షి కాదు, కడగని వస్తువు. మాస్కు కట్టుకో, తడిపి ఊడ్చు, పడక గది పక్కన గూడు పెట్టకు.

యాంటీబయాటిక్ సంగతీ అంతే. మనుషులకి చివరి ఆయుధంగా దాచుకున్న కొలిస్టిన్‌ని కోళ్ళ దాణాలో పోస్తున్నారని మన ప్రభుత్వం 2019 జులైలో దాన్ని ఆహార జంతువులకి నిషేధించింది. కోళ్ళ ఫారాలని తిట్టడం మనకి బాగా వచ్చు. నెలనెలా "కోర్సు" పేరుతో గూడు మొత్తానికి, బాగున్న పక్షులక్కూడా, నీళ్ళలో మందు కలిపే మనం వాళ్ళకి తమ్ముళ్ళం కాదా?

సరే, తిట్టడం అయింది. చేయాల్సింది పెద్ద లిస్టేం కాదు. కొత్త పక్షి, అది పాతబస్తీ నించి వచ్చినా పందెంలోంచి వచ్చినా, మూడు నాలుగు వారాలు వేరే గూట్లో ఉండాలి. టెస్టింగ్ లేకుండా కోడ్‌ని మెయిన్ బ్రాంచిలో కలపం కదా, ఇదీ అంతే. నీళ్ళ గిన్నె రోజూ తోమాలి, రెట్ట పడని ఎత్తులో పెట్టాలి. గూట్లో గుంపు తగ్గించాలి. టీకా రోగం రాకముందు వేయించాలి. జబ్బు పక్షిని ముందు విడదీయాలి, తర్వాత రెట్ట పరీక్ష, ఆ తర్వాతే మందు. చచ్చిన పక్షిని చెత్తకుప్పలో పారేయకుండా కోయించి చూడాలి. గుంపుగా చస్తే మాత్రం చేత్తో ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకి చెప్పాలి, బర్డ్ ఫ్లూ అనేది టీవీలో వచ్చే కథ కాదు.

వీటిలో సగం పనులకి పైసా ఖర్చు లేదు, రోజుకి పావుగంట చాలు. ఆ పావుగంట కూడా లేదంటారా, అయితే ఆ జత ఎవరికైనా ఇచ్చేయండి. ఫోన్లో వాల్‌పేపర్‌గా పావురం బొమ్మ పెట్టుకోండి, దానికి నీళ్ళు పెట్టక్కర్లేదు.