మత్తులో బండి - లైసెన్సు తీసుకుంటే సరిపోతుందా?

మత్తులో బండి నడిపి పట్టుబడిన యువకుల లైసెన్సులు సస్పెండ్ కావడం ఇప్పుడు మామూలు వార్త అయిపోయింది. "మంచి పని చేశారు" అనుకుని మనం పేజీ తిప్పేస్తాం. ఆ కుర్రవాడు మన మొహల్లావాడే అయితే మాత్రం, "పాపం, పిల్లవాడి రోజీ పోయిందే!" అంటాం. ఈ రెండు మాటల్లో న్యాయం దేనిది?

ముందుగా చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉన్నవాడు బండి నడపడం నేరం. 2019 సవరణ తర్వాత, మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. లైసెన్సు విషయంలో మొదటి తప్పుకు మూడు నెలల అనర్హత, మళ్ళీ చేస్తే రద్దు. అయితే ఆ ఉత్తర్వు ఇచ్చే ముందు అతని వాదన వినాలి. గడువు తీరాక కూడా శిక్షణ పూర్తిచేస్తేనే లైసెన్సు తిరిగి ఇవ్వాలి.

ఈ శిక్ష న్యాయమైనదేనని మేము భావిస్తున్నాం. ఆటో నడిపేవాడికి, ఇంటింటికీ సరుకులు చేర్చేవాడికి మూడు నెలలంటే చిన్న నష్టం కాదు, నిజమే. కాని రోడ్డు పక్కన నడిచిపోయే కూలీకీ రోజీ ఉంది, ఇంటి దగ్గర ఎదురుచూసే పిల్లలున్నారు. లైసెన్సు సమాజం మనల్ని నమ్మి అప్పగించిన అమానతు. దానికి ద్రోహం చేసినవాడి నుంచి తిరిగి తీసుకోవడం జుల్మ్ కాదు.

అయితే శిక్ష తప్పుకు తగినట్లుండాలి. అమెరికాలో 1990లో చేసిన ఒక చట్టం, మాదకద్రవ్యాల కేసులో శిక్షపడిన ప్రతివాడి లైసెన్సునూ ఆరు నెలలు ఆపాలని రాష్ట్రాలను ఒత్తిడి చేసింది. నేరం జరిగినప్పుడు అతను బండి నడపకపోయినా సరే! కాలక్రమంలో అక్కడి అత్యధిక రాష్ట్రాలు ఆ నిబంధన నుంచి తప్పుకున్నాయి. పనికి వెళ్ళే దారి మూసేస్తే మనిషి బాగుపడతాడా? అలాగే మన దగ్గర శిక్షణ ఉత్త సంతకాల తంతుగా మారితే, నాలుగో నెలలో అదే కుర్రవాడు అదే అలవాటుతో రోడ్డెక్కుతాడు. శిక్షణతో పాటు వ్యసనం మాన్పించే వైద్యం కూడా అందాలి.

ఇక మన ఇళ్ళ సంగతి. "మద్యం హరామ్ కదా, మన పిల్లలకు ఆ బెడద లేదు" అని నిశ్చింతగా ఉండే తల్లిదండ్రులెందరో! గంజాయి, మత్తుమాత్రలు కూడా నిషాయే. మద్యాన్ని పట్టే శ్వాసయంత్రం గంజాయిని పట్టదు. పరువు పోతుందని దాచిపెడితే వ్యసనం ముదురుతుందే తప్ప మానదు. పద్దెనిమిది నిండని కొడుకు చేతికి బండి ఇచ్చి, వాడు నేరం చేస్తే, తండ్రికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఆ పిల్లవాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు దొరకదు.

పోలీసు లైసెన్సు తీసుకునేది తప్పు జరిగాక. తండ్రి తాళంచెవి తీసుకోగలిగేది తప్పు జరగకముందే. కొడుకును జుమా నమాజుకు వెంటబెట్టుకుపోయే తండ్రులు, రాత్రి పదకొండు గంటలకు వాడు బండి మీద ఎక్కడికి బయలుదేరాడో కూడా అడిగి తెలుసుకోవాలి.