మూషికవాహనుడికి సెల్లారులో చోటు లేదట!



"ద్విచక్ర వాహనములు ఇకమీదట సెల్లారునందు నిలుపరాదు. ఉల్లంఘించినచో చక్రముల గాలి తీయబడును. ఇట్లు, కమిటీ."

మా గృహసముదాయంలో లిఫ్టు పక్క గోడకు అంటించిన ప్రకటన ఇది. ఉద్యోగమంతా పిల్లలకు వ్యాకరణం చెప్పినవాణ్ణి కావడం వల్ల నా దృష్టి ముందుగా ఆ "తీయబడును" మీద నిలిచింది. కర్మణి ప్రయోగంలో ఒక సుఖముంది. కర్త తెరచాటున ఉండిపోవచ్చు. గాలి తీయబడుతుంది, సరే, తీసేదెవరు? కార్యదర్శిగారు పంచె ఎగ్గట్టి చక్రం పక్కన గొంతుక్కూర్చుంటారా? ఆ పని వాచ్‌మన్ నెత్తిన పడుతుంది. తెల్లవారి బండి యజమాని నిలదీస్తే తిట్లు తినేదీ అతడే. నిషేధం ఒకరిది, నింద మరొకరిది.

ఇది మా ఒక్క ప్రాంగణపు ముచ్చటే అయితే ఈ టపా రాసే పని లేకపోను. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో, బంధువుల ఇళ్లకు వెళ్లిన ప్రతిచోటా ఇదే వరస చూస్తున్నాను. స్తంభాల నడుమ కార్లు పట్టపుటేనుగుల్లా నిలబడి ఉంటాయి. మోటారు సైకిళ్లు ర్యాంపు వాలులోనో, చెత్తడబ్బాల సరసనో, ప్రహరీ బయట మురుగుకాలువ పలకల మీదనో వానకు తడుస్తూ ఎండకు మాడుతూ ఉంటాయి. ఇదంతా సహజమేనన్నట్టు అందరూ అలవాటు పడిపోయారు. నాకు మాత్రం అలవాటు కాలేదు. నా వాదం ఒక్క వాక్యంలో చెబుతాను: ఏ ఫ్లాటుకైనా రెండో కారుకు చోటిచ్చే ముందు, ప్రతి ఫ్లాటుకూ ఒక మోటారు సైకిలుకు సెల్లారులో గీత గీసి చోటివ్వాలి.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ: "మేము డబ్బు పెట్టి కారు పార్కింగు కొనుక్కున్నాం, బండ్లవాళ్లు కొన్నారా?"

రిజిస్టరైన దస్తావేజులో ఒక కారు స్థలం రాయించుకున్నవారి జోలికి నేను పోవడం లేదు. ఆ ఒక్క గడిని వారు సుఖంగా అనుభవించుగాక! నేను అడుగుతున్నది మిగిలిన నేల గురించి. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఉమ్మడి ప్రదేశాలను లెక్కించేటప్పుడు మెట్లు, లిఫ్టులతోపాటు సెల్లార్లను, పార్కింగు స్థలాలను కూడా చెప్పింది. ఆ ఉమ్మడి ప్రదేశాల్లో ప్రతి ఫ్లాటు యజమానికీ విడదీయరాని వాటా ఉంది. 2010 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ముంబయికి చెందిన ఒక వ్యాజ్యంలో, స్తంభాల కింది పార్కింగును బిల్డరు విడిగా అమ్ముకోవడానికి వీల్లేదనీ, అది ఉమ్మడి స్థలమేననీ తీర్పు చెప్పింది. అది మహారాష్ట్ర చట్టాన్ని ఆధారం చేసుకున్న తీర్పే, కాదనను. కానీ అందులోని ధర్మం ఎల్ల దాటగానే మారిపోయేది కాదు. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టం కూడా బహిరంగ పార్కింగును ఉమ్మడి ప్రదేశాల్లోనే చేర్చింది. మూడు వైపులా గోడలు, పైన కప్పు ఉంటేనే దాన్ని గ్యారేజి అనాలని నిర్వచించింది. నాలుగు స్తంభాల నడుమ పచ్చరంగు గీతలు గీసినంతలో గోడలు లేచిరావు.

కాబట్టి కమిటీ ఆ నేలకు ధర్మకర్త మాత్రమే. దేవుడి మాన్యం ధర్మకర్త బావమరిదికి కౌలుకిస్తే ఊరు ఊరుకుంటుందా? అతిథుల కోసం విడిచిన చోట ఒకరి రెండో కారు ఏడాది పొడవునా దుప్పటి కప్పుకుని నిద్రపోతుంటే దాన్ని అడిగే నోరు లేదు. ఉదయం వెళ్లి సాయంత్రం వచ్చే బండికి మాత్రం గాలి తీస్తారు.

రెండో ఆక్షేపణ: "చోటు లేదండీ!" దీనికి తర్కంతో పని లేదు, టేపు చాలు. మన వీధుల్లో ఎక్కువగా తిరిగే స్ప్లెండర్ పొడవు రెండు మీటర్లు, వెడల్పు 72 సెంటీమీటర్లు. అంటే ఒకటిన్నర చదరపు మీటరు కూడా పట్టదు. స్విఫ్టు వంటి చిన్న కారు ఆరున్నర చదరపు మీటర్లు దాటుతుంది. ఫార్చ్యూనర్ వంటి పెద్దది దాదాపు తొమ్మిదికి చేరుతుంది. ఐదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు ఉన్న ఒక కారు గడిలో, బండికొక మీటరు చొప్పున విడిచినా, ఐదు మోటారు సైకిళ్లు ఒకదాన్నొకటి తాకకుండా నిలుస్తాయి. ఇరవై ఫ్లాట్లకు ఇరవై బండ్లనుకున్నా నాలుగు గడులు చాలు. స్తంభాల వెనుక, లిఫ్టు గోడ పక్కన, నీటిమోటారు గది ముందు కారు పట్టక ఉత్తినే పోతున్న మూలలను కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ నాలుగూ అక్కరలేదు. చోటు లేనిది సెల్లారులో కాదని నా అనుమానం.

మూడోది భయం పేరుతో వచ్చే ఆక్షేపణ: "పెట్రోలు బండ్లు, అగ్నిప్రమాదం!" స్ప్లెండర్ ట్యాంకులో నిండా పోస్తే పట్టేది 9.8 లీటర్లు. స్విఫ్టు ట్యాంకు 37 లీటర్లు. పది లీటర్ల పెట్రోలు ప్రమాదమైతే ముప్పైయేడు లీటర్లు తీర్థమా? అగ్నిహోత్రుడు నిప్పంటించే ముందు చక్రాలు లెక్కపెడతాడా?

విద్యుత్ బండ్ల సంగతి వేరు, అది నిజంగా ఆలోచించవలసినది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో కింద విద్యుత్ స్కూటర్ల దుకాణం, పైన వసతిగృహం ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిదిమంది ప్రాణాలు పోయాయి. ఆ ఘోరాన్ని తలచుకుని భయపడడం న్యాయమే. అయితే ఆ భయంతో మనవాళ్లు చేస్తున్నదేమిటి? సెల్లారులో చార్జింగు వద్దంటున్నారు. అప్పుడు కొందరు బ్యాటరీని విప్పి సంచిలో పెట్టుకుని లిఫ్టెక్కి తమ హాల్లో, మంచం పక్కన ప్లగ్గుకు తగిలిస్తున్నారు. మరికొందరు మూడో అంతస్తు బాల్కనీ నుంచి తీగ వేలాడదీస్తున్నారు. కింద గాలి ఆడే చోట, విడి మీటరుతో, సరైన తీగలతో, ఎంసీబీతో ఒక చార్జింగు స్థలం ఏర్పాటు చేస్తే తగ్గే ప్రమాదాన్ని, నిషేధించి పడకగదుల్లోకి ఎక్కించారు. జాగ్రత్త పేరుతో చేసిన అజాగ్రత్త ఇది.

నాలుగోది, అందరి మనసులో ఉండి ఎవరూ పైకి అనని మాట. ఒకాయన మాత్రం సర్వసభ్య సమావేశంలో అననే అన్నారు: "గేటు తీయగానే బండ్లు కనిపిస్తే మన అపార్ట్‌మెంటు లుక్కు పోతుంది, రేటు పడిపోతుంది." ఆయన నిజాయితీకి నమస్కారం. తక్కిన మూడు ఆక్షేపణలూ ఈ నాలుగోదానికి తొడిగిన చొక్కాలే. అడ్డొచ్చింది బండి కాదు, బండి మీద వచ్చే మనిషి తాహతు.

2011 జనగణన ప్రకారం దేశంలో నూటికి ఇరవై ఒక్క ఇళ్లలో స్కూటరో మోటారు సైకిలో ఉండగా, కారున్న ఇళ్లు ఐదుకు లోపే. ఆ తరువాత రెండూ పెరిగాయి. నేటికీ దేశంలో రిజిస్టరైన వాహనాల్లో నాలుగింట మూడు వంతులు ఇంచుమించు రెండు చక్రాలవే. ఈ దేశపు వాహనమేదని అడిగితే రావలసిన జవాబు మోటారు సైకిలే. పిల్లను బడిలో దింపి, భార్యను ఆఫీసు బస్సెక్కించి, సాయంత్రం బియ్యపు మూటను ముందు పెట్టుకుని వచ్చేది అదే. దాన్ని చూసి నామోషీ పడేవారు తమ నాన్నగారు ఏ బండి మీద తమను పెంచారో ఒక్కసారి తలచుకోవాలి. చేతక్ స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి వేచి, అది ఇంటికొచ్చిన రోజున పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన ఇళ్లు మనవే కదా!

వాహనాన్ని బట్టి మనిషికి మర్యాద చేసే శాస్త్రం మన పురాణాల్లో నాకెక్కడా కనిపించలేదు. తొలిపూజ అందుకునే విఘ్నేశ్వరుడి వాహనం ఎలుక. ఐరావతమెక్కి తిరిగే ఇంద్రుడికి ఆ తొలిపూజ దక్కలేదు. మన కమిటీలు కైలాసంలో ఉండి ఉంటే ఎలుకను గేటు బయట కట్టెయ్యమనేవి. ఇక ధనానికి అధిపతి అయిన కుబేరుడికి నరవాహనుడని పేరు. మనిషినే వాహనం చేసుకున్నవాడు! వాచ్‌మన్ చేత గాలి తీయించే సంప్రదాయానికి మూలపురుషుడు ఆయనేనేమో.

ఈ నిషేధం ఎవరి మీద పడుతుందో చూడండి. మా భవనం మూడో అంతస్తులో అద్దెకుంటున్న ఒక అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ ముగించుకుని వేళకాని వేళ స్కూటీ మీద వస్తుంది. సెల్లారులో నిలిపి లిఫ్టెక్కితే రెండు నిమిషాల పని. ఇప్పుడు వీధి మలుపులో నిలిపి, కుక్కలు తరుముతుంటే చీకట్లో నడిచి రావాలి. పొద్దున్నే వెళ్లి చూసుకుంటే పెట్రోలు ఉంటుందన్న నమ్మకం లేదు. ఆమె అద్దెకున్నది కనుక సర్వసభ్య సమావేశంలో ఓటు లేదు. మెయింటెనెన్సు మాత్రం నెలనెలా కడుతుంది. ఆ సొమ్ముతోనే సెల్లారులో రాత్రంతా దీపాలు వెలుగుతాయి. కార్లకు చీకటంటే భయం కాబోలు!

ప్రకృతికి మాత్రం ఈ పక్షపాతం లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం మునిగినప్పుడు, నీళ్లు కారునూ బండినీ ఒకే వరుసలో నిలిపాయి.

బండ్లవారి వైపు తప్పే లేదని నేననడం లేదు. హక్కు అడిగేవాడు బాధ్యత కూడా చెప్పాలి. ర్యాంపు దిగగానే ఎక్సలేటరు రెచ్చగొట్టి పసిపిల్లల నిద్ర చెడగొట్టే కుర్రాళ్లున్నారు. వాలు మీద సైడు స్టాండు వేసి వెళ్లిపోతే బండి జరిగి పక్క కారు తలుపు మీద వాలిన సందర్భాలూ ఉన్నాయి. అటువంటి చోట బండిని గేరులో ఉంచి నిలపాలి. ఇంజను ఆయిలు కారుతుంటే మెకానిక్కుకు చూపించాలి గాని టైల్సు మీద రంగవల్లులు వేయించకూడదు. నడపని బండిని ఏళ్ల తరబడి మూలన పడేసి తుప్పు పట్టించే హక్కు కూడా ఎవరికీ లేదు. ఇవన్నీ నియమాలతో చక్కబడే దోషాలు. కారు తగిలి స్తంభం పెచ్చులూడితే కార్లను వెలివేయలేదు కదా! దోషం చేసినవాడి చేత ఖర్చు పెట్టించాము. అదే న్యాయం ఇక్కడా వర్తించాలి.

నేను కోరుతున్నవి గొంతెమ్మ కోర్కెలు కావు. ప్రతి ఫ్లాటుకూ ఒక మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు గల గడిని గీసి, ఫ్లాటు సంఖ్య వేయాలి. అద్దెకున్నవారికీ ఆ గడి చెల్లాలి. గోడ వెంబడి ఒక ఇనుప కడ్డీ బిగిస్తే బండికి గొలుసు వేసుకుంటారు, దొంగల భయం తీరుతుంది. గేటు దగ్గర రెండు గడులు వచ్చిపోయేవారికి విడవాలి. మనకు వేడి అన్నం తెచ్చే కుర్రవాడి బండి నడివీధిలో నిలవనక్కరలేదు. మెట్ల కింద, అగ్నిమాపక సామగ్రి ముందు మాత్రం ఏ వాహనమూ నిలపరాదు. అక్కడ కారుకూ బండికీ ఒకటే శిక్ష. అతిథుల స్థలంలో కాపురం పెట్టిన రెండో కార్లు లేవాలి. వీటికయ్యే ఖర్చు రంగు డబ్బాలు, కడ్డీ, వెల్డరు కూలి. దీపావళికి భవనమంతా వేలాడదీసే విద్యుద్దీపాల అద్దెలో సగం కూడా కాదు.

చివరగా ఒక వ్యాకరణ విషయం. తెలుగులో "మేము" వేరు, "మనము" వేరు. ఎదుటివాణ్ణి బయట నిలబెట్టి చెప్పేది "మేము", అతణ్ణి కలుపుకుని చెప్పేది "మనము". ఈ తేడాను మన పిల్లలు బడికి వెళ్లకముందే, ఎవరూ నేర్పకుండానే పట్టుకుంటారు. మెయింటెనెన్సు వసూలు చేసేటప్పుడు "మన అపార్ట్‌మెంటు" అంటూ తలుపు తట్టే కమిటీలు, సెల్లారులోకి దిగగానే "మా పార్కింగు" అంటున్నాయి. వచ్చే సర్వసభ్య సమావేశంలో నేను ఈ సర్వనామాన్నే నిలదీయబోతున్నాను. వసూలుకు పనికొచ్చిన "మన" వాటాకూ పనికిరావాలి. రాదంటే ఆ మాటను రశీదు పుస్తకం మీద నుంచి కూడా కొట్టెయ్యమంటాను.

మీ మీ సముదాయాల్లో బండికి గీత ఉందో, గాలి తీత ఉందో తెలియజేయండి. ఎక్కడైనా మంచి పద్ధతి నడుస్తుంటే మరీ వివరంగా రాయండి. సమావేశంలో చదివి వినిపిస్తాను.