పంపకములో దొరలిన పొరపాటు

కొన్ని మాసముల క్రిందట మా పినతల్లిగారు మా యింటికి వచ్చిరి. భోజనములైన పిమ్మట నన్ను చాటునకు పిలిచి, తన రొమ్ములో నొక గడ్డ యున్నదనియు, అది కనబడి యెనిమిది నెలలైనదనియు మెల్లగా చెప్పిరి. "ఇన్నాళ్లేల దాచితివి పిన్నీ?" యని యడిగితిని. "ఏ జన్మలోని పాపమో తల్లీ! నలుగురికి తెలిసినచో నా గ్లాసు వేఱుగా పెట్టుదురు" అని కన్నీరు పెట్టుకొనిరి. ఇట్టి భయములు మన యిండ్లలో ననేకులకు గలవు. కావున పెద్దలు రాచపుండు అని పిలిచిన క్యాన్సరు వ్యాధి యెట్లు పుట్టునో యీ నెల విన్నవించెదను.

మన దేహమంతయు నొక్క కణమునుండి పెరిగినదే. కణము రెండగుటకు ముందు తనలోని వ్రాతనంతను ప్రతి తీసికొనును. నాలుగే యక్షరములతో సుమారు 600 కోట్ల జతలుగా కూర్పబడిన యీ వ్రాత 46 క్రోమోజోములలో నిమిడియున్నది. చిన్ననాట మా తాతగారు తాళపత్రములను చూచి కాగితములపై ప్రతులు వ్రాయుచుండగా చూచితిని. ఎంత నేర్పరియైనను ఎక్కడనో యొక యక్షరము జాఱిపోవును. మరల చదివి దిద్దుకొనవలెను. కణములోను దిద్దుబాటు చేయు మాంసకృత్తులు గలవు. అయినను కొన్ని తప్పులు మిగిలిపోవును.

ప్రతి వ్రాసిన తరువాత పంపకము. కదురు దారములవంటి సన్నని పోగులు జంట క్రోమోజోములను పట్టుకొని చెఱియొక వైపునకు లాగును. దారము తగులని క్రోమోజోము ఒక్కటి మిగిలినను, సామాన్యముగా కణము పంపకమును నిలిపి వేచియుండును. ఈ కావలి తప్పినచో నొక పిల్లకణమునకు 47, వేఱొకదానికి 45 క్రోమోజోములు దక్కవచ్చును. అట్టి కణములలో పెక్కు నశించును. కాని కొన్ని బ్రతికి, అదుపు లేక పెరుగును.

ఈ సంగతిని మొదట గ్రహించినవారిలో జర్మనీ దేశస్థుడగు థియోడర్ బోవెరీ ముఖ్యుడు. ఆయన ముండ్లబంతివంటి యొక సముద్రజీవి గ్రుడ్లను పరీక్షించి, క్రోమోజోముల పంపకము చెడినచో పిండము వికృతముగా పెరుగునని 1902లో చూపెను. ఇట్టి తప్పే క్యాన్సరునకు మూలము కావచ్చునని 1914లో నొక గ్రంథము ప్రకటించి, మరుసటి యేడే మరణించెను. ఆయన భార్య మార్సెల్లా తానును జీవశాస్త్రజ్ఞురాలే. ఆమె యా గ్రంథమును ఇంగ్లీషులోనికి అనువదించి 1929లో వెలువరించెను.

మఱియొక స్త్రీని గూర్చియు చెప్పవలెను. షికాగో నగరమున జానెట్ రౌలీ యను వైద్యురాలు, నలుగురు కుమారుల తల్లి, క్రోమోజోముల ఛాయాచిత్రములను కత్తిరించి తన యింటి భోజనపు బల్లపై పేర్చి పరిశీలించుచుండెడిది. ఒక విధమైన రక్తక్యాన్సరులో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తెగి యొకదానివి మఱియొకదానికి అతుకుకొనినవని ఆమె 1973లో నిరూపించెను. ఆ తప్పతుకు పనిని అణచు ఇమాటినిబ్ అను మాత్ర 2001లో అమెరికాలో వాడుకకు వచ్చి, ఆ రోగులలో ననేకుల ఆయువును పెంచినది.

ఒక్క తప్పుతో క్యాన్సరు వచ్చుట అరుదు. చెడిన కణమును ఆపు టి.పి. 53 అను జన్యువువంటి కావలివాండ్రును చెడవలెను. ఇట్టి దోషములు ఏండ్ల తరబడి కూడవలెను. అందుచేతనే వయసు ముదిరినకొలది యీ వ్యాధి హెచ్చు. కొన్ని కుటుంబములలో నొక దోషము పుట్టుకతోనే వచ్చును. పొగాకు ఈ తప్పులను పెంచును. మన ఉత్తరకోస్తా పల్లెలలో చుట్ట నిప్పును నోటిలోపల నుంచి అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిట క్యాన్సరు వచ్చుటకు నిదియే కారణము. గర్భాశయముఖ క్యాన్సరును తెచ్చు వైరసునకు టీకా గలదు. ఆడపిల్లలకు తగిన వయసున వేయించుట మంచిది.

కాబట్టి, సోదరీమణులారా, ఇది పాపఫలము కాదు. రోగిని తాకినను, ఆమెతో కలిసి భుజించినను అంటునది కాదు. వేలసార్లు ప్రతి తీయు చోట దొరలిన తప్పు. దానికి వ్రాయసకాని శపింపనేల? అయితే తప్పు చిన్నదిగా నున్నప్పుడే దిద్దుట సులభము. రొమ్మున గడ్డ, మానని నోటిపుండు, అకాల రక్తస్రావము కనబడినచో సిగ్గుచే దాచక వైద్యునకు చూపవలెను. గడ్డలన్నియు క్యాన్సరులు కావు, పరీక్షింపకున్న తెలియదు.

మా పినతల్లిగారిని మఱునాడే ఆసుపత్రికి తీసికొని పోతిమి. గడ్డనుండి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించిరి. క్యాన్సరే యని తేలినది, చికిత్స జరుగుచున్నది. ఆ యెనిమిది నెలలు మరల రావు గదా యని నా మనసు చివుక్కుమనుచుండును. ఆమె గ్లాసు మాత్రము మా గ్లాసులతోనే యున్నది.